మూడుసార్లు తడితేనే ఆపమన్నట్టు

నేను రాసిన ప్రోగ్రాములకు నడవడం బాగా తెలుసు. ఆగడం దగ్గరే చిక్కు. ఈ సంగతి నాకు సూరత్ పక్కనున్న సచిన్ అనే ఊళ్ళో నేసిన కొన్ని చీరలు చెప్పాయి. ఆ చీరల అంచు పొడవునా నెమళ్ళున్నాయి. చీరకొకదానికి తల లేదు.

సూరత్‌లో మరమగ్గాన్ని సాంచా అంటారు, మరమగ్గాలు నడిచే షెడ్డును ఖాతా అంటారు. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన నేత పనివాళ్ళు తమ ఊళ్ళో కూడా సాంచా అనే అంటారు కాబట్టి, ఇక్కడికొచ్చాక వాళ్ళు కొత్తగా నేర్చుకోవాల్సిన మాటల్లో ఒకటి తగ్గింది. నా సంగతి వేరు. మా నాన్న బ్యాంకు ఉద్యోగి. బదిలీ మీద ఈ ఊరొచ్చి, మళ్ళీ బదిలీ కాకుండా ఎలాగో తప్పించుకుని, ఆల్థాన్‌లో ఫ్లాట్ కొని స్థిరపడిపోయాడు. నేను ఇంట్లో గుంటూరు తెలుగు, వీధిలో గుజరాతీ, బడిలో హిందీ నేర్చుకున్నాను. ఇప్పుడు మూడు భాషల్లోనూ ఎదుటివాడు నన్ను బయటివాడిగా గుర్తుపట్టేంత చక్కగా మాట్లాడతాను.

చదువయ్యాక పెద్ద కంపెనీలో చేరతానని మావాళ్ళు అనుకున్నారు. నేను చిన్న చిన్న ఖాతాలకు ప్రోగ్రాములు రాసివ్వడంలో పడ్డాను. రాసేది పైథాన్ అనే భాషలో. అమ్మ చాలాకాలం దాన్ని ఇంట్లో ఉచ్చరించనివ్వలేదు. పాముల పేర్లు పొద్దున్నే ఎందుకనేది. ఇలాంటి ప్రోగ్రామును స్క్రిప్టు అంటారు. పెద్ద ఆర్భాటం ఏమీ ఉండదు, వంట చీటీలా పైనుంచి కిందికి ఏం చేయాలో రాసుకుంటూ పోవడమే.

సచిన్‌లో నేను స్క్రిప్టు రాసిచ్చిన ఖాతా యజమాని సేఠ్‌కి ఇరవై నాలుగు సాంచాలు. ఒక్కొక్కదాని నెత్తిన ఒక డబ్బా ఉంటుంది. పేక పోగు అడ్డంగా దాటే ప్రతిసారీ పడుగులో ఏ పోగులు పైకి లేవాలో ఆ డబ్బా చెబుతుంది. నా స్క్రిప్టు ఒక గదిలో కంప్యూటర్ మీద కూర్చుని ఇరవై నాలుగు డబ్బాలకూ డిజైన్ పంపిస్తుంది. ఆగేటప్పుడు ఒక్కొక్క సాంచాను ఆపి, నువ్వు ఎన్నో పేక దగ్గరున్నావని అడిగి, ఫైల్లో రాసిపెడుతుంది. మళ్ళీ మొదలైనప్పుడు ఆ ఫైలు చదివి, నువ్వు ఇక్కణ్ణుంచి సాగించు అని దేనికది చెబుతుంది. నెమలి మెడ దాకా నేసి ఆగితే, తర్వాత మెడ నుంచే నేయాలన్నమాట. ఫైలు చెడిందో, సాంచా మొదటి పేక నుంచి ఎత్తుకుంటుంది. అప్పుడు మెడ మీద మళ్ళీ కాళ్ళు మొలుస్తాయి.

ఈ కంప్యూటర్ గదికి ఒక మనిషి కావాలి. సేఠ్ కాకాను కూర్చోబెట్టాడు. కాకా అంటే నాకు కాకా, సేఠ్‌కి కాకా, ఖాతాలో అందరికీ కాకా. యాభై దాటిన మనిషి. పెళ్ళికి ముందే తెలంగాణ నుంచి సూరత్ వచ్చి, అప్పటినుంచీ సాంచాల మధ్య నిలబడే ఉన్నాడు. పన్నెండు గంటల షిఫ్టులో కూర్చునే వీలు లేదు. చివరికి రెండు మోకాళ్ళూ కలిసి తీర్మానం చేశాయి, ఇక నిలబడేది లేదని. డాక్టరు కూడా అదే మాట కాగితం మీద రాసి ఇచ్చాడు. ఊరికి వెళ్ళిపోతే అక్కడా ఉన్నది సాంచాలే, అక్కడా నిలబడాల్సిందే. కాబట్టి కాకాకు ఈ లోకంలో కావాల్సింది ఒక కుర్చీ. ఆ కుర్చీ కంప్యూటర్ ముందు ఉంది, దానికి చక్రాలు కూడా ఉన్నాయి. సేఠ్ షరతు పెట్టాడు: నెల రోజులు చూస్తాను, పని బరాబర్ జరిగితే కుర్చీ నీది, లేకపోతే వేరే ఏర్పాటు చేసుకుంటాను.

కాకాకు ఇంగ్లీషు రాదు. నేను నేర్పింది రెండే పనులు. మొదలుపెట్టడానికి తెర మీద ఒక బొమ్మను నొక్కాలి. ఆపడానికి కీబోర్డులో ఎడమ మూలనున్న కంట్రోల్, దాంతోపాటు సి, రెండూ కలిపి నొక్కాలి. ఆ రెండు కీల మీద ఎర్ర గుడ్డముక్కలు అంటించాను. పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ షిఫ్టు మారుతుంది. సాంచాలు తుడిచి నూనె వేస్తారు. ఆ పావుగంటా కంప్యూటర్‌ను కూడా ఆపాలి. యంత్రమన్నాక విశ్రాంతి ఇవ్వాలని సేఠ్ నమ్మకం.

అలా రెండు కీలు నొక్కితే ఏమవుతుందో చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్న ప్రోగ్రాముకు ఒక సిగ్నల్ పంపుతుంది. ఇక చాలించు అని కబురన్నమాట. ఆ కబురు అందితే ఏం చేయాలో ప్రోగ్రాము ముందే రాసిపెట్టుకోవచ్చు. రాసుకోకపోతే చేస్తున్న పని మధ్యలో ఎక్కడిదక్కడ వదిలేసి ప్రాణం విడుస్తుంది. నేను రాసిపెట్టాను: సిగ్నల్ అందగానే ఇరవై నాలుగు సాంచాలనూ ఆపు, అడుగు, ఫైల్లో రాయి, వెళ్ళిపో. ఆ నాలుగు వాక్యాలు రాసిన రోజు నాకు నేనే టీ పెట్టుకున్నాను. మా ఇంట్లో అది సన్మానం కిందే లెక్క.

రెండో వారంలో సేఠ్ ఫోన్ చేశాడు.

"భాయ్, మోర్ కా సిర్ కహా గయా?"

నెమలి తల ఎక్కడికి పోయిందని నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. వివరం కనుక్కుంటే, ఫైలు చెడిపోతోందని తేలింది. రోజూ కాదు, రెండు మూడు రోజులకోసారి. నేను ఇంట్లో స్క్రిప్టు నడిపి చూశాను. పరీక్ష కోసం నా దగ్గర నకిలీ సాంచాలున్నాయి, నిజం వాటిలాగే తాపీగా జవాబిచ్చే చిన్న ప్రోగ్రాములు. మొదలుపెట్టాను, ఆపాను. మొదలుపెట్టాను, ఆపాను. పదిసార్లు. పదిసార్లూ ఫైలు ముత్యంలా ఉంది. సేఠ్‌కి ఫోన్ చేసి చాలా స్థిరమైన గొంతుతో చెప్పాను.

"సేఠ్, నా ప్రోగ్రాములో తప్పు లేదు."

"తో ఫిర్ కాకా మే హోగా," అన్నాడు సేఠ్.

అయితే కాకాలో ఉంటుంది. దానికి నేను "ఊఁ" అన్నాను. ఒక్క అక్షరం, అదీ సగం ముక్కుతో. తర్వాత చాలా రాసినా అంత చిన్నదానితో అంత నష్టం ఇంకెప్పుడూ చేయలేదు.

ఖాతా సెలవు రోజున కాకా మా ఇంటికొచ్చాడు. సచిన్ నుంచి ఆల్థాన్ దాకా బస్సులో, చేతిలో పాలిథిన్ సంచితో. అమ్మ తలుపు తీసి లోపలికి పిలిచింది.

"కూర్చోండి అన్నయ్యగారూ."

"కూసుంట చెల్లె. కూసునుడు గురించే వచ్చిన," అన్నాడు కాకా.

సంచిలోంచి చీర ముక్క తీసి భోజనాల బల్ల మీద పరిచాడు. ఆకుపచ్చ మీద జరీ నెమలి. మెడ దాకా దర్జాగా ఉంది. అక్కడ, తల ఉండాల్సిన చోట ఇంకో నెమలి కాళ్ళు నిలబడి ఉన్నాయి. అమ్మ కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసింది.

"ఏరా, ఇది నువ్వు రాసిందేనా?"

"నేను రాసింది ప్రోగ్రామమ్మా. నెమలి వేరేవాళ్ళు గీశారు."

"మరి తల తీసిందెవరు?"

కాకా నన్ను ఇరకాటంలోంచి తప్పించాడు. ఆయనకు నాతో గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు.

"తమ్మి, నువ్వు చెప్పినట్టే నొక్కిన. గీ మూల బొత్తం, గీ సి బొత్తం, రెండు గల్పి. నేను తప్పు నొక్కుతున్ననా జర సూడు. తప్పైతే దిద్దుకుంట. సేఠేమో బార్డోలీకెల్లి ఎవలో డిప్లొమా చదివినోన్ని తెస్తనంటుండు. నాకు కోపం లేదు. గని మోకాళ్ళకు జెప్పాలె గదా, మల్ల నిలబడాలె అని. అవి ఇంటయా?"

నేను లాప్‌టాప్ తెరిచి నకిలీ సాంచాలను నడిపించాను. ఆపమన్నాను. కాకా కుర్చీ దగ్గరికి జరుపుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, రెండు వేళ్ళు కీల మీద ఆనించి నొక్కాడు.

టక్, టక్, టక్.

ఫైలు తెరిచి చూశాను. తలా తోకా లేదు. ఒక వరస మధ్యలో తెగిపోయి ఇంకో వరస మీద పడుకుని ఉంది.

"కాకా, మూడుసార్లు ఎందుకు నొక్కారు?"

"ఆపాలె గదా?"

"ఒకసారి నొక్కితే ఆగుతుంది."

కాకా నన్ను జాలిగా చూశాడు. "ఒకసారికి ఎవడాగుతడు తమ్మి? మా ఖాతాల ఒకసారి భుజం మీద తడితె, ఎవలో పక్కపొంటి పోతుంటె తాకిండ్రనుకుంటరు. రెండుసార్లు తడితె పిల్సినవనుకుంటరు, ఎన్కకు మల్లి సూస్తరు. మూడుసార్లు తడితెనే ఆపమన్నట్టు. ఇన్నేండ్ల సంది గంతే. కొత్తగ వచ్చినోనికి మొదటి రోజు జెప్పేది గిదే."

ఇరవై నాలుగు సాంచాలు నడుస్తున్న చోట పెదాలు కదులుతాయి తప్ప మాట పుట్టదు. అక్కడ జరిగే సంభాషణంతా వేళ్ళతోనే. ఆ ఖాతాకు నేను పదిసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ చెవుల్లో దూది పెట్టుకుని తిన్నగా ఏసీ ఉన్న కంప్యూటర్ గదిలో దూరాను. అందుకే నాకు ఆ లెక్క తెలియలేదు. ఇంట్లో పదిసార్లు పరీక్షించినప్పుడూ, కంప్యూటర్లు చదువుకున్నవాడిలా ప్రతిసారీ ఒక్కటే నొక్కు నొక్కాను.

అసలు జరిగిందిది. మొదటి సిగ్నల్ రాగానే నా నాలుగు వాక్యాలు మొదలవుతాయి. ఇరవై నాలుగు సాంచాలను అడిగి రాయడానికి మూడు నాలుగు క్షణాలు పడుతుంది. ఆరో సాంచా దగ్గరుండగా రెండో సిగ్నల్. ప్రోగ్రాము ఆ రాత అక్కడే వదిలి, అదే నాలుగు వాక్యాలను మళ్ళీ మొదటినుంచి అందుకుంటుంది, అదే ఫైలు మీద. అది సగంలో ఉండగా మూడోది. ఒకే కాగితం మీద ముగ్గురు గుమస్తాలు ఒకేసారి రాస్తే ఏముంటుందో అదే ఉంది. కాకా చెయ్యి ఒక్కోరోజు మెల్లగా పడేది, ఒక్కోరోజు త్వరగా. కాబట్టే ఒక్కోరోజు నెమలి బతికేది.

"ఇకనుంచి ఒక్కసారే నొక్కు అంటవా?" అన్నాడు కాకా.

అనొచ్చు. కానీ ఇన్నేళ్ళ చేతి అలవాటును ఎర్ర గుడ్డముక్కలతో మార్చాలనుకోవడం నా వృత్తిలో ఉన్నవాళ్ళు తరచూ చేసే పనే, తరచూ ఓడిపోయే పని కూడా. "వద్దు, మీరు మూడుసార్లే నొక్కండి, దిద్దాల్సింది నేను," అన్నాను. అరగంటలో దిద్దేశాను. మొదటి సిగ్నల్ అందాక, పని పూర్తయ్యేదాకా ఇక వచ్చేవాటిని చెవిన పెట్టొద్దని ఒక వాక్యం చేర్చాను, అంతే. కాకా మళ్ళీ టక్ టక్ టక్ అన్నాడు, ఫైలు ముత్యంలా వచ్చింది.

"అయిపోయిందా?" అంది అమ్మ వంటింట్లోంచి.

"అయిపోయింది."

"పోయినసారీ ఇలాగే అన్నావు."

మర్నాడు సాయంత్రం ఏడింటికి నేనే ఖాతాకు వెళ్ళాను, విజయం కళ్ళారా చూసుకుందామని. సేఠ్ కూడా గదిలోకొచ్చి నిలబడ్డాడు. కాకా చెయ్యి తుడుచుకుని నొక్కాడు. టక్, టక్, టక్. తెర మీద ఏమీ కదల్లేదు. మరో మూడు. ఏమీ లేదు. కాకా నా వైపు చూశాడు, నేను తెర వైపు చూశాను, తెర ఎటూ చూడలేదు. కిటికీలోంచి చూస్తే పద్దెనిమిది సాంచాలు ఆగి ఉన్నాయి. పంతొమ్మిదోది మరమ్మతుకోసం పొద్దుటే వైరు పీకి పెట్టారు, దాన్ని ఎవరు అడిగినా జవాబివ్వదు. దాని తర్వాతి ఐదూ హాయిగా నేసుకుంటూ పోతున్నాయి. నా ప్రోగ్రాము పంతొమ్మిదో దాని జవాబు కోసం భక్తిగా ఎదురుచూస్తోంది. ఈలోగా ఎవరు ఎంత తట్టినా చెవిన పెట్టొద్దని నేనే చెప్పాను కదా, పెట్టడం లేదు.

"యే తో మర్‌తా హీ నహీ," అన్నాడు సేఠ్.

ఇది చావనే చావదన్నమాట. నేను ఒక్క నిమిషం అనేలోపే గోడ దగ్గరికి వెళ్ళి కరెంటు మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి కూడా అలాంటి సిగ్నల్ ఒకటుంది. మిగతా కబుర్లకు ఏం జవాబివ్వాలో ప్రోగ్రాము నిర్ణయించుకోవచ్చు గానీ, దీనికి మాత్రం వీల్లేదు. అందినట్టు కూడా తెలియదు, పోవడమే. సేఠ్ చేతిలోని మెయిన్ దానికంటే ఒక మెట్టు పైది. సిగ్నల్ పంపేవాణ్ణి కూడా కలిపి తీసుకుపోతుంది. కరెంటు తిరిగొచ్చాక చూస్తే, కొత్తగా రాయడానికని పాత రాతంతా చెరిపేసిన ఫైలు ఖాళీగా ఉంది. ఇరవై మూడు సాంచాలూ కలిసికట్టుగా కాళ్ళు నేయడం మొదలుపెట్టాయి. ఇంతకుముందు అప్పుడప్పుడూ ఒకటీ అరా పోయేవి. నా దిద్దుబాటు పుణ్యమా అని అందరికీ సమన్యాయం జరిగింది.

సేఠ్ అరవలేదు. నెమ్మదిగా, కాకా వైపు చూసి, రేపట్నుంచి నువ్వు కింద సాంచాల దగ్గరికి వెళ్ళు, బార్డోలీ మనిషికి కబురు పెడతాను అన్నాడు. కాకా కుర్చీలోంచి లేచాడు. లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ నేను గొప్ప ఉపన్యాసం ఇచ్చానని రాస్తే బాగుంటుంది. ఇవ్వలేదు. నా హిందీ అంత దూరం రాదు.

"సేఠ్, గల్తీ మేరీ హై," అన్నాను. "మొదటిసారీ నాదే, ఇప్పుడూ నాదే. కాకా నొక్కింది ఖాతా పద్ధతి ప్రకారం సరైనదే. నేను ఆ పద్ధతి కనుక్కోకుండా రాశాను."

"ఫోన్‌లో తప్పు లేదన్నావుగా?"

"అన్నాను. పదిసార్లు పరీక్షించాను. పదకొండోసారి కాకా చేత చేయించాల్సింది."

సేఠ్ నన్నూ, కాకా మోకాళ్ళనూ, గోడమీది మెయిన్‌నూ వరసగా చూశాడు. "రేపు సాయంత్రం ఏడింటికి నేనే నొక్కుతాను," అన్నాడు. "ఒక్క నెమలి పోయినా బార్డోలీకి ఫోన్ చేస్తాను." అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్‌తో వచ్చాను. కొత్త ఉపాయాలు రెండు మూడు బుర్రలో ఉన్నాయి. కాకా వాటిని విననే లేదు. "జర నాతోని రా," అని చెయ్యి పట్టుకుని సాంచాల మధ్యకు తీసుకెళ్ళాడు. చెవుల్లో దూది పెట్టుకోబోతే తీసేయించాడు. నడుస్తున్న ఒక సాంచా ముందున్న మనిషి భుజం మీద మూడుసార్లు తట్టి, నన్ను చూడమని సైగ చేశాడు.

ఆ మనిషి వెనక్కి తిరగలేదు. సాంచాను ఆపే పిడి లాగలేదు. తల ఒక్కసారి కిందికి ఊపాడు. అడ్డంగా పోతున్న పేక అవతలి అంచు దాటింది. అప్పుడు పిడి లాగాడు. బట్ట మీద మచ్చ కూడా లేదు. కాకా తమాషాకు ఇంకో సాంచా దగ్గర ఆరుసార్లు, ఏడుసార్లు తట్టాడు. అతను మొదటి మూడింటికే తల ఊపాడు, తక్కినవాటికి మోచేత్తో కాకాను పక్కకు నెట్టాడు. పేక దాటాకే ఆపాడు.

గదిలోకొచ్చి తలుపేశాక కాకా అన్నాడు. "సూసినవా? తడితె ఆపుతమా? ఆపం. తలకాయ ఊపుతం. ఇన్నమన్నట్టు, గంతే. చేతుల పని చేతులు జేస్తయ్. పేక దాటినంక ఆపుతం. నీ పోగ్రాం తట్టంగనే చేతుల పని ఇడిశిపెట్టి ఉరుకుతుంది. గట్ల ఉరికితె పోగు తెగదా?"

నేను ఏళ్ళ తరబడి చదివిన పాఠాల్లో ఈ మాట ఉంది. సిగ్నల్ అందినప్పుడు నడిచే ముక్కలో పెద్ద పనులు పెట్టొద్దు, ఒక గుర్తు పెట్టి తిరిగి వెళ్ళిపో, మిగతాది అసలు పని చూసుకుంటుంది. నేను ఆ వాక్యం చదివి, ముఖ్యమైనదని కింద గీత కూడా గీసుకున్నాను. గీత గీసుకున్నాక ఇక పాటించక్కర్లేదని అనుకున్నట్టున్నాను.

కాకా పక్కన కూర్చుని రాయడం మొదలుపెట్టాను. సిగ్నల్ అందితే నడిచే ముక్కలో ఇప్పుడు ఒకటే వాక్యం: ఆపమన్నారని గుర్తు పెట్టుకో. మూడుసార్లు తట్టినా ముప్పైసార్లు తట్టినా అదే గుర్తు మళ్ళీ పెట్టుకుంటుంది, నష్టమేం లేదు. అసలు పని ఒక్కో సాంచాతో మాట్లాడటం పూర్తయినప్పుడల్లా ఆ గుర్తు ఉందా అని చూసుకుంటుంది. ఉంటే అప్పుడు తీరిగ్గా అందరినీ ఆపి, అడిగి, రాస్తుంది.

"పంతొమ్మిదోది పలక్కపోతె?" అన్నాడు కాకా.

"రెండు క్షణాలు చూసి ముందుకెళ్తుంది. దాని పాత లెక్కే ఉంచుతుంది."

"సేఠ్ మల్ల మెయిన్ గుంజితె?"

"పాత ఫైలును ముట్టుకోదు. కొత్తది పక్కన రాసి, రాత పూర్తయ్యాకే దాని స్థానంలో పెడుతుంది. నిమిషానికోసారి అలా రాస్తూనే ఉంటుంది. మెయిన్ లాగితే ఒక నిమిషం నేత తేడా వస్తుంది."

"గా ఒక్క నిమిషం నేను చేతితోని సదురుకుంట," అన్నాడు కాకా. "కిటికీ మూసెతందుకు తెర మీద గా మూలకు గుణకారం గుర్తుంటది గదా, గది నొక్కితె?"

అది నేను మర్చిపోయాను. తెర మీది కిటికీని అలా మూస్తే వచ్చేది వేరే సిగ్నల్. కంప్యూటర్‌ను మామూలుగా ఆర్పితే వచ్చేది ఇంకోటి. రెండింటికీ అదే జవాబు రాశాను: తల ఊపు. అలా మధ్యాహ్నం దాకా కాకా ప్రోగ్రామును ఎలా చెడగొట్టొచ్చో ఒక్కొక్కటే చెబుతూ పోయాడు, నేను సర్దుతూ పోయాను. నేను ఇప్పటిదాకా పనిచేసినవాళ్ళలో అంత మంచి పరీక్షకుడు ఇంకొకడు లేడు. ఆయనకు కంప్యూటర్ రాదన్న మాట మా ఇద్దరికీ ఆ పూట గుర్తు రాలేదు.

చివర్లో నా తెలివి ఒకటి చేర్చాను. ఆపమన్నప్పుడు తెర మీద ఒక వాక్యం పడుతుంది: "విన్నాను. పేక దాటాక ఆగుతాను." తెలుగులో. ఇంకా ఏ సాంచా ఆగింది, ఏది పలకలేదు, అన్నీ తెలుగులోనే. బార్డోలీ డిప్లొమాకు తెలుగు రాదు. సేఠ్‌కీ రాదు. సాంచాలు వదిలి ఈ గదిలో కూర్చుని ఆ తెర చదవగలిగేవాడు ఖాతా మొత్తంలో కాకా ఒక్కడే ఉంటాడు. ఈ ఏర్పాటు కాకా చెవిలో చెప్పి మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

"గీ చాలాకీ వద్దు తమ్మి," అన్నాడు కాకా. "గుజరాతీల గూడ రాయి. నాకు జరమొచ్చిన దినం ఇంకెవలన్న సూడాలె గదా. మంచిగ ఆపుతున్నననే నన్ను కూసోబెట్టాలె. మందికి సదువస్తలేదని కాదు."

గుజరాతీలో కూడా రాశాను. కాస్త ముఖం మాడ్చుకునే రాశాను.

ఏడింటికి సేఠ్ వచ్చాడు. కాకాను పక్కకు జరగమని తనే కుర్చీలో కూర్చుని కంట్రోల్, సి కలిపి నొక్కాడు. ఒకసారి కాదు, తలుపు తీయని ఇంటి ముందు గంట కొట్టినట్టు నొక్కుతూనే ఉన్నాడు. తెర మీద తెలుగులోనూ గుజరాతీలోనూ "విన్నాను" అని పడింది. సాంచాలు ఒకదాని వెనక ఒకటి నిలిచాయి. పంతొమ్మిది దగ్గర రెండు క్షణాలు చూసి, పలకడం లేదు, వదిలేస్తున్నాను అని రాసి ముందుకెళ్ళింది. ఇరవై నాలుగు అయ్యాక సెలవు తీసుకుని వెళ్ళిపోయింది.

"మళ్ళీ," అన్నాడు సేఠ్.

మొదలుపెట్టాం. ఈసారి సగం రాతలో ఉండగా లేచి వెళ్ళి మెయిన్ లాగాడు. ప్రోగ్రాము లెక్క తప్పలేదు. కరెంటు వచ్చాక ఫైలు తెరిస్తే, నిమిషం కిందటి రాత చెక్కుచెదరకుండా ఉంది. కాకా ఏ సాంచాను ఎన్ని పేకలు ముందుకు జరపాలో చూసుకుని సరిచేశాడు. కొత్త షిఫ్టు మొదలైంది. సేఠ్ కిందికి వెళ్ళి మూడో సాంచా దగ్గర నిలబడి, నెమలి మెడ దాటి ముక్కు దాకా వచ్చేవరకూ చూశాడు. తిరిగొచ్చి మా ముందే ఫోన్ తీశాడు.

"జగ్యా భరాయ్ గయీ, భాయ్," అన్నాడు అవతలి బార్డోలీ మనిషితో. చోటు నిండిపోయింది.

ఫోన్ జేబులో పెట్టుకుని కాకాకు కుర్చీ చూపించి, బైఠో అని చెప్పి వెళ్ళాడు. నేను కూడా అదే మాట తెలుగులో అన్నాను. కాకా కూర్చోలేదు. బల్ల పట్టుకుని, ఒక మోకాలు తర్వాత ఇంకొకటి బుజ్జగించుకుంటూ, తలుపు దాకా నడిచాడు.

"ఎక్కడికి కాకా?"

"సేఠ్ మూడోదే సూసిండు. ఇంక ఇరవై రెండున్నయ్," అన్నాడు. "నువ్వు కూసో."

చక్రాల కుర్చీలో నేను కూర్చున్నాను. కిటికీ అవతల కాకా ఒక్కొక్క సాంచా దగ్గరా ఆగి, వంగి, బట్టకు కళ్ళు దగ్గరగా పెట్టి, నెమలి తలలు చూసుకుంటూ వెళ్తున్నాడు.